జిమ్ లేకుండా కబడ్డీ ఆడే అమ్మాయిల్లో ఎక్స్‌ప్లోజివ్ స్ట్రెంగ్త్ పెంచడం ఎలా?

ప్రశ్న: కబడ్డీ శిక్షకుడు, పరకాల

అందరికీ నమస్కారం. పరకాల దగ్గరి ఒక ఊరి ఉన్నత పాఠశాలలో, అక్కడి పీఈటీ మేడమ్ అనుమతితో, సాయంత్రం పూట అమ్మాయిలకు కబడ్డీ నేర్పుతున్నాను. పిల్లల వయసు 13 నుంచి 16 ఏళ్ల మధ్య ఉంటుంది. దసరా సెలవుల తర్వాత అండర్-17 ఎంపికలు ఉంటాయని చెబుతున్నారు కాబట్టి, ఉన్న సమయాన్ని సరిగా వాడుకోవాలన్న ఉద్దేశంతో ఇక్కడ అడుగుతున్నాను.

మా దగ్గర జిమ్ లేదు, బరువులు లేవు, మ్యాట్ కూడా లేదు. మొరం పోసి చదును చేసిన గ్రౌండ్, దాని అంచున కొంచెం గడ్డి నేల, పాఠశాల వరండా మెట్లు, రెండు స్కిప్పింగ్ తాళ్లు మాత్రమే ఉన్నాయి. రోజూ గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, రెండు వందల బస్కీలు, శక్తి కొద్దీ దండాలు చేయిస్తున్నాను. దానివల్ల దమ్ము బాగా పెరిగింది. కూతకు వెళ్లిన అమ్మాయి 30 సెకన్లూ తడబడకుండా నిలబడగలుగుతోంది. అయితే అవతలి జట్టు అమ్మాయి మడమ దగ్గర చెయ్యి వేసిన మరుక్షణం కాలు వెనక్కి గుంజుకోవడంలోనూ, మధ్యగీత మీదికి దూకి చెయ్యి చాపడంలోనూ ఆ ఉదుటు కనిపించడం లేదు. నిలబడి దూకే లాంగ్ జంప్ కొలిచి చూస్తే కొన్ని నెలలుగా అంకె కదలడం లేదు.

నా సందేహాలు ఇవి. సొంత శరీర బరువుతో చేసే వ్యాయామాలు మాత్రమే ఇందుకు సరిపోతాయా, లేక బరువులు ఎత్తకుండా పని కాదా? సరిపోతే వారానికి ఎన్ని రోజులు, పూటకు ఎన్ని దూకుళ్లు చేయించాలి? ఇద్దరు పిల్లలు మోకాలి చిప్పకు కాస్త కింద నొప్పి అంటున్నారు. మరో ఇద్దరి తల్లులు, ఆడపిల్లలు ఇంతగా దూకితే ముందు ముందు ఇబ్బంది అవుతుందేమోనని భయపడుతున్నారు. వారికి నేను నమ్మకంగా ఏం చెప్పాలో కూడా తెలియజేయగలరు.

సమాధానం: అథ్లెటిక్స్ కోచ్, హన్మకొండ

సార్, మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే కారణాన్ని చూపిస్తున్నాయి. మీ పిల్లల్లో దమ్ము పెరిగి ఉదుటు పెరగకపోవడానికి కారణం, వారు చేస్తున్నదంతా దమ్ము పెంచే కసరత్తు కావడమే. రెండు వందల బస్కీలు వరుసగా తీయగలిగిన అమ్మాయికి ఒక్కో బస్కీ ఎంతో తేలికైన పనిగా మారిపోయి ఉంటుంది. అంత తేలికైన పనిని ఎన్నిసార్లు చేసినా కండరం ఓర్చుకోవడం నేర్చుకుంటుందే తప్ప, ఉన్న బలాన్నంతా ఒక్క క్షణంలో బయటపెట్టడం నేర్చుకోదు.

ఆ క్షణం ఎంతటిదో చూడండి. కండరం తన పూర్తి బలాన్ని చూపించడానికి 0.3 సెకను లేదా అంతకు మించిన సమయం తీసుకుంటుంది. పూర్తి వేగంతో పరుగెత్తే మంచి స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేది సుమారు 0.1 సెకను మాత్రమే. లాంగ్ జంప్‌లో పలక మీద వేసే చివరి అడుగుకు దొరికే సమయం కూడా అంతకంటే పెద్దగా ఎక్కువ కాదు. మడమ మీద చెయ్యి పడిన రైడర్ (కూతకు వెళ్లిన అమ్మాయి) పరిస్థితీ అదే. పట్టు బిగుసుకునే లోపు కాలు బయటికి రావాలి. కాబట్టి మొత్తం బలం ఎంత ఉందన్నదానితో పాటు, ఆ తొలి ఘడియలో అందులో ఎంత భాగం బయటికి వస్తుందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మనం ఎక్స్‌ప్లోజివ్ స్ట్రెంగ్త్ అంటున్నది దీన్నే.

ఇందులో కండరంతో పాటు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌కూ పాత్ర ఉంది. దూకే ముందు మనం చటుక్కున కాస్త కిందికి వంగుతాం కదా, అప్పుడు తొడ, పిక్కల కండరాలూ టెండన్లూ రబ్బరు పట్టీలా సాగి శక్తిని దాచుకుంటాయి. ఆలస్యం లేకుండా పైకి లేస్తే ఆ శక్తి తిరిగి వస్తుంది, కింద ఆగిపోతే చాలావరకు వృథా అవుతుంది. సోవియట్ కోచ్ యూరీ వెర్కోషాన్‌స్కీ 1960ల్లో ఎత్తు నుంచి కిందికి దిగి వెంటనే పైకి ఎగిరే పద్ధతిని రూపొందించింది ఈ సూత్రం మీదే. ఆయన చెప్పిన ఎత్తులు ముప్పావు మీటరు నుంచి 1.1 మీటర్ల దాకా ఉంటాయి. అవి ఏళ్ల తరబడి సాధన చేసిన జంపర్లకు ఉద్దేశించినవి. వీడియోల్లో ఎత్తైన పెట్టెల మీది నుంచి దూకే దృశ్యాలు చూసి మీ పిల్లలకు అవి పెట్టకండి. వరండాలోని ఒక మెట్టు, అంటే 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఎత్తు, ఈ వయసుకు చాలు.

ఎవరికి ఏది లోపమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అమ్మాయిని గోడ పక్కన నిలబెట్టి, వేళ్లకు సుద్దపొడి అద్ది, చెయ్యి పైకెత్తి అందినంత ఎత్తున ఒక గుర్తు పెట్టించండి. ఆ తర్వాత సగం కూర్చున్న భంగిమలో మూడు సెకన్లు కదలకుండా ఆగి, మళ్లీ కిందికి ఊగకుండా, అక్కడి నుంచే ఎగిరి గోడను తాకమనండి. కొంత విశ్రాంతి ఇచ్చి, ఈసారి నిటారుగా నిలబడి చటుక్కున వంగి ఆగకుండా ఎగరమనండి. రెండోసారి ఎగిరి తాకిన గుర్తు మొదటిసారి ఎగిరి తాకిన గుర్తు కంటే స్పష్టంగా పైన ఉండాలి. రెండూ ఇంచుమించు ఒకే చోట ఉంటే ఆ అమ్మాయి సాగుడు శక్తిని వాడుకోవడం లేదని అర్థం, ఆమెకు చిన్న చిన్న వేగమైన ఎగురుళ్లు ఎక్కువ కావాలి. రెంటి మధ్య తేడా బాగానే ఉండి రెండూ తక్కువ ఎత్తులోనే ఉంటే, ఆమెకు ముందుగా కాళ్ల బలం కావాలి. గోడ మీద ఉన్న ఆ రెండు గీతల మధ్య దూరం చూసి ఏ అమ్మాయికి ఏది ఎక్కువ చేయించాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

శరీర బరువు సరిపోతుందా అన్నారు. ఈ వయసులో ఖచ్చితంగా సరిపోతుంది. అయితే కష్టాన్ని సంఖ్యతో కాక భంగిమతో పెంచాలి. వెనక కాలి పాదాన్ని మెట్టు మీద ఆనించి, ముందు కాలి మీదే బరువంతా వేసి, మూడు సెకన్ల పాటు నెమ్మదిగా కిందికి దిగి పైకి లేచే ఒంటికాలి బస్కీ చేయించి చూడండి. రెండు వందల బస్కీలు తీసే అమ్మాయి కూడా ఎనిమిది, పది దగ్గర ఆగిపోతుంది. మనకు కావలసింది ఆ కష్టమే. దీనికి తోడు మెట్టు ఎక్కి దిగడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము ఎత్తడం, మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మడమ ఎత్తడం చేయించండి. మోకాళ్ల మీద నిలబడిన అమ్మాయి మడమలను తోటి అమ్మాయి గట్టిగా పట్టుకుంటే, శరీరాన్ని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలే వ్యాయామాన్ని నార్డిక్ కర్ల్ అంటారు. తొడ వెనక కండరానికి ఇంతకు మించినది లేదు. దీన్ని పద్ధతిగా చేసిన జట్లలో ఆ కండరపు గాయాలు దాదాపు సగానికి తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి వారాల్లో నాలుగైదుకు మించి చేయించవద్దు, మరునాడు నడవలేరు.

దూకుళ్ల లెక్కకు వస్తే, పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒకటి చొప్పున లెక్కించాలి. కొత్తగా మొదలుపెట్టిన వారికి పూటకు 80 నుంచి 100 వరకు అని శిక్షణ గ్రంథాల్లో ఉంటుంది. మీ పిల్లలు ఆ తర్వాత కబడ్డీ కూడా ఆడతారు కనుక 40, 50 మధ్య మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. వారానికి రెండు రోజులు చాలు. రెండు పూటల మధ్య కనీసం 48 గంటల ఎడం ఉండాలి. ఐదు దూకుళ్లు, ఆ వెంటనే రెండు నిమిషాల విశ్రాంతి. ఈ విశ్రాంతి దగ్గరే మన దగ్గర చాలామంది తొందరపడతారు, పిల్లలు ఖాళీగా నిలబడితే సాధన జరగనట్టు అనిపిస్తుంది. క్షణకాలపు గరిష్ఠ శ్రమకు కండరం వాడుకునే నిల్వ శక్తి మళ్లీ నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అది నిండకముందే దూకితే ఆ దూకుడు తక్కువ ఎత్తు, తక్కువ వేగంతో సాగుతుంది. శరీరం ఆ తక్కువ వేగాన్నే అలవాటు చేసుకుంటుంది. ప్రతి దూకుడూ ఆ రోజుటి అత్యుత్తమ దూకుడు కావాలని పిల్లలకు చెప్పండి. దూరం తగ్గడం మొదలైనా, నేల మీద దిగేటప్పుడు చప్పుడు పెరిగినా ఆ పూటకు ఆపేయండి, లెక్క పూర్తికాకపోయినా సరే.

నిలబడి దూకే జంప్‌లు ఒకప్పుడు ఒలింపిక్స్‌లో పోటీ అంశాలుగా ఉండేవి. చిన్నతనంలో పోలియో బారిన పడి, కాళ్ల వ్యాయామాలతో కోలుకున్న అమెరికా ఆటగాడు రే యూరీ 1900 నుంచి 1908 వరకు ఆ అంశాల్లో 8 స్వర్ణాలు గెలిచారు. 1904లో నిలబడిన చోటు నుంచే 3.47 మీటర్లు దూకారు. పిల్లలకు ఈ సంగతి చెప్పి, నేల మీద ఆ దూరాన్ని సుద్దతో గీసి చూపించండి, వారు దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడిపోతారు.

కబడ్డీకి పనికొచ్చే దూకుళ్లు నేరుగా ముందుకు దూకేవి మాత్రమే కావు. ఒక కాలి మీది నుంచి పక్కకు దూకి రెండో కాలి మీద నిలదొక్కుకోవడం, బోర్లా పడుకున్న స్థితి నుంచి చప్పట్లు వినగానే లేచి ఐదు మీటర్లు పరుగెత్తడం, నడుముకు తువ్వాలు చుట్టి వెనక నుంచి ఒకరు పట్టుకుంటే రెండు మూడు అడుగులు లాక్కుపోయి, వదలగానే మధ్యగీత మీదికి దూకడం వంటివి పెట్టండి. వీటన్నిటి కంటే ముందు 10, 20 మీటర్ల పూర్తి వేగపు పరుగులు కావాలి. ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి అన్న లెక్క చాలామంది కోచ్‌లు పాటించేదే. పరుగు, ఆ తర్వాత దూకుళ్లు, ఆ తర్వాత ఆట, చివర బలం పెంచే వ్యాయామాలు అన్న వరుస తప్పకండి. గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు పూర్తిచేయించి ఆ తర్వాత దూకిస్తే, అలసిన కాళ్లతో చేసిన ఆ దూకుళ్ల వల్ల ఒరిగేదేమీ ఉండదు.

సమాధానం: ఫిజియోథెరపిస్ట్, సుబేదారి

కోచ్ గారు చెప్పిన దానికి మోకాలి సంగతి చేర్చాలనుకుంటున్నాను. చిప్పకు కింద, కాలి ముందరి ఎముక మొదట్లో వేలితో నొక్కితే నొప్పి అంటున్నారా, అక్కడ చిన్న బొడిపెలా తగులుతోందా అని ముందు చూడండి. అలా ఉంటే అది ఎదిగే వయసులో, అందునా దూకే ఆటల్లో ఉన్న పిల్లల్లో తరచుగా కనిపించే ఆస్‌గుడ్-ష్లాటర్ అనే స్థితి కావచ్చు. తొడ ముందు కండరపు టెండన్ ఇంకా గట్టిపడని ఎముక భాగాన్ని పదే పదే లాగడం వల్ల అది వస్తుంది. ఎముక ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందిలో తగ్గిపోతుంది, కానీ ఈలోపు ఆ పిల్లలకు దూకుళ్లు, లోతైన బస్కీలు తగ్గించాలి. రోజూ రెండు వందల బస్కీలు అలాంటి మోకాలికి మంచివి కావు. గోడకు వీపు ఆనించి, నొప్పి రాని కోణంలో సగం కూర్చుని 30 సెకన్లు ఆగే వ్యాయామం వారికి సరిపోతుంది. వాపు ఉన్నా, రాత్రి పూట నొప్పి వస్తున్నా, కుంటుతున్నా ఆట ఆపి డాక్టర్‌కు చూపించండి.

మిగతా పిల్లలకు దూకడం కంటే ముందు దిగడం నేర్పండి. ఎదురుగా నిలబడి, మెట్టు మీది నుంచి కిందికి దిగమని చెప్పి, మోకాళ్లను మాత్రమే చూడండి. రెండు మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి లోపలికి వాలితే ఆ అమ్మాయికి ఎత్తు పెంచకూడదు. మోకాలు పాదం వేళ్ల దిక్కునే ఉండాలి, తుంటి వెనక్కి వెళ్లాలి, పాదం ముందు భాగం మొదట తాకి మడమ తర్వాత ఆనాలి, చప్పుడు రాకూడదు. ఒకే రకం ఆట ఆడే అబ్బాయిల కంటే అమ్మాయిల్లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే బంధనం తెగే ప్రమాదం ఎక్కువని అనేక అధ్యయనాల్లో తేలింది. మోకాలు అలా లోపలికి వాలడం అందుకు ఒక ముఖ్య కారణం. ఒక వారం కేవలం దిగి నిలబడటానికే కేటాయించినా అది వృథా కాదు. ఫోన్‌లో నెమ్మదిగా కదిలే వీడియో తీసి ఆ అమ్మాయికే చూపిస్తే, మనం పది సార్లు చెప్పిన దానికంటే తొందరగా సరిదిద్దుకుంటుంది.

ఇక తల్లుల భయం గురించి. దూకడం వల్ల ఆడపిల్లల గర్భాశయానికి గానీ, రేపటి కాన్పులకు గానీ హాని జరుగుతుందన్న మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. పైగా ఎముక గట్టిపడే వయసు ఇదే. దూకేటప్పుడు ఎముక మీద పడే భారం దాని సాంద్రతను పెంచుతుంది, ఆ లాభం పెద్దయ్యాక కూడా ఉంటుంది. నెలసరి సమయంలో ఒంట్లో బాగుంటే ఆడవచ్చు, బాగాలేదంటే ఆ రోజు వదిలేయాలి. పిల్లలు ఆ మాట సంకోచం లేకుండా చెప్పుకోగలిగేలా పీఈటీ మేడమ్ సాయం తీసుకోండి. తల్లులతో మాట్లాడేటప్పుడు మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి గురించి చెప్పండి. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం) ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన అమ్మాయి మన పక్క మండలాల నుంచే వచ్చిందంటే వారికి ధైర్యం కలుగుతుంది.

మరొక్క మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఎంత సాధన చేసినా ముందుకు సాగని అమ్మాయి, తొందరగా ఆయాసపడే అమ్మాయి ఉంటే, పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గుడ్డు, పప్పు, ఆకుకూర, ఉడికించిన శనగలు, పల్లీలు, బెల్లం ఇంట్లో దొరికేవే. ఉదుటు కోసం పొడుల డబ్బాలు కొనవలసిన పని లేదు.

సమాధానం: పోలీస్ ఈవెంట్స్ అభ్యర్థి, నర్సంపేట

కోచ్ సార్, ఈ చర్చలోనే నాదొక ప్రశ్న. తెలంగాణ పోలీసు ఉద్యోగాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు ఉన్నాయి. వచ్చే నోటిఫికేషన్‌కు కూడా అదే లక్ష్యంగా పెట్టుకుని సాధన చేస్తున్నాను. పరుగు సమయానికి వస్తోంది కానీ లాంగ్ జంప్ 3.70 దగ్గర ఆగిపోతోంది. రోజూ ఉదయం పరుగు అయిన వెంటనే ఇసుక గుంట దగ్గర దూకుతున్నాను. దూరపు పరుగూ, దూకుడూ రెండూ ఒకేసారి పెరుగుతాయా?

సమాధానం: అథ్లెటిక్స్ కోచ్, హన్మకొండ

పెరుగుతాయి తమ్ముడూ, నీ స్థాయిలో రెంటికీ చోటు ఉంది. కాకపోతే వరుస మార్చు. వారంలో రెండు రోజులు పరుగుకు ముందే, ఒళ్లు వేడెక్కించుకున్నాక, తాజా కాళ్లతో లాంగ్ జంప్ చెయ్యి. ఆ రోజు దూరపు పరుగు సాయంత్రానికి పెట్టుకో. మిగతా రోజుల్లో 1600 సాధన యథాప్రకారం చేసుకోవచ్చు. 3.70 దూకుతున్న వాడికి మిగిలిన 30 సెంటీమీటర్లు చాలా వరకు రనప్‌లోనే, అంటే దూకే ముందు తీసే పరుగులోనే, దొరుకుతాయి. నువ్వు గీత దగ్గరికి వచ్చేసరికి అడుగులు సరిచేసుకోవడానికి వేగం తగ్గిస్తూ ఉంటావు, చూపు కిందికి ఉంటుంది. పన్నెండు, పద్నాలుగు అంగల రనప్ కొలిచి, మొదలుపెట్టే చోట గుర్తు పెట్టి, ప్రతిసారీ అదే కాలితో మొదలుపెట్టు. చివరి అడుగుకు ముందు అడుగు కాస్త పొడవుగా, చివరిది పొట్టిగా, చూపు ఎదురుగా ఉండాలి. షాట్‌పుట్‌కు కూడా ఇవే ఒంటికాలి బస్కీలు, దూకుళ్లు పనికొస్తాయి, ఎందుకంటే గుండు దూరం కాళ్ల నుంచే మొదలవుతుంది. నేల మీది నుంచి చేతులు లేచేంత వేగంగా తోసే దండాలు దానికి తోడు చేసుకో.

తిరిగి ప్రశ్న: కబడ్డీ శిక్షకుడు, పరకాల

కోచ్ సార్‌కూ, ఫిజియో మేడమ్‌కూ ధన్యవాదాలు. గోడ పరీక్ష చేయించాను. చాలామంది పిల్లల్లో రెండు గీతలు దాదాపు ఒకే చోట పడ్డాయి. చక్కగా ఆడే ఇద్దరు రైడర్లలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. మెట్టు దిగేటప్పుడు నలుగురి మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి. మోకాలి నొప్పి ఉన్న పిల్లలను దూకుళ్ల నుంచి తప్పించాను. ఇంకా రెండు విషయాలు తెలుసుకోవాలి. వానలు పడుతున్నందున మా గ్రౌండ్ రోజుల తరబడి బురదగా ఉంటోంది, వరండా బండల మీద దూకించవచ్చా? అలాగే ఎంపికలకు ముందు వారం ఈ సాధన ఎలా ఉండాలి?

సమాధానం: అథ్లెటిక్స్ కోచ్, హన్మకొండ

రెండు గీతలు ఒకే చోట పడిన పిల్లలకు ముందుగా స్కిప్పింగ్ పెట్టండి. మోకాళ్లు దాదాపు వంచకుండా, చీలమండతోనే, నేల వేడిగా ఉందా అన్నంత త్వరగా పాదం లేపుతూ 15 సెకన్లు ఆడటం, ఒక నిమిషం ఆగడం. అందులో లయ కుదిరాక తాడు లేకుండా అదే పద్ధతిలో ముందుకు, పక్కలకు ఎగిరించండి. ఆ తర్వాతే పెద్ద దూకుళ్లు. లోపలికి వాలే నలుగురిని మాత్రం ఒంటికాలి బస్కీ, మెట్టు దిగడం దగ్గరే ఆపి ఉంచండి. ఎంపికలు దగ్గరపడుతున్నాయని తొందరపడి వారిని మిగతా వారితో కలపకండి.

బండల మీద, సిమెంటు మీద దూకించవద్దు. హన్మకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్)లో, 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ అందుబాటులో ఉన్నా, నేను దూకుళ్లలో ఎక్కువ భాగం గడ్డి మీదే చేయిస్తాను. మొరం కూడా తడిసి జారుతుంటే వద్దు. పక్కకు దూకేటప్పుడు పాదం జారితే మోకాలు మెలిపడుతుంది. వాన రోజు వరండాలో ఒంటికాలి బస్కీలు, నార్డిక్ కర్ల్, దండాలు, మడమ ఎత్తడం పూర్తిచేయించండి. మోకాళ్ల మధ్య మెత్తటి బంతి పెట్టుకుని గట్టిగా నొక్కి ఐదు సెకన్లు ఆగే వ్యాయామం గజ్జల దగ్గరి కండరానికి మంచిది. కాలు చాపి బోనస్ పాయింట్ తీసుకునే రైడర్లకు ఆ కండరమే ఎక్కువగా పట్టేస్తుంది. నేల ఆరిన రోజు దూకుళ్లకు మారండి. వారంలో ఫలానా రోజే దూకాలన్న నియమం కంటే 48 గంటల ఎడం ముఖ్యం.

ఎంపికలకు ముందు వారం దూకుళ్ల సంఖ్యను సగానికి తగ్గించి, వేగం మాత్రం తగ్గించకండి. చివరిసారి దూకించేది ఎంపికకు మూడు రోజుల ముందు కావాలి. ఒంటికాలి బస్కీలు, నార్డిక్ కర్ల్ అంతకు ముందే ఆపేయండి, లేకపోతే కండరాల నొప్పితోనే బరిలోకి దిగుతారు. ఎంపిక రోజు ఉదయం ఒళ్లు వేడెక్కాక 10 మీటర్ల పరుగులు మూడు, నిలబడి దూకే జంప్‌లు మూడు చేయించి, ఐదు నిమిషాలు ఆగి లోపలికి పంపండి. ఆ రోజు కొత్తది ఏదీ ప్రయత్నించవద్దు. ఎంపికలు అయ్యాక గోడ మీది గీతలు, నిలబడి దూకిన దూరాలు ఇక్కడ రాయండి, ఎవరికి ఏది పెంచాలో చూద్దాం.